బీర్‌గావ్ పెట్టె వేడెక్కింది

సునీల్ గొంతు సవరించుకోవడంతోనే గ్లోరీకి అనుమానం వచ్చింది. మంచి మాట చెప్పేముందు అతనెప్పుడూ గొంతు సవరించుకోడు.

"మేడమ్, మాదొక చిన్న విన్నపం" అన్నాడు హిందీలో, బల్ల అవతల కూర్చున్న ప్రియదర్శినితో. "తేజోలింక్ వాళ్ల పెట్టెని బీర్‌గావ్‌లో పొద్దున పూటే పరీక్షిస్తున్నారు. మిట్టమధ్యాహ్నం చూడండి. వేడెక్కి లైన్లు వదిలేస్తోందని విన్నాం."

గ్లోరీ తల ఎత్తలేదు. ఎత్తితే తన మొహంలో రంగు మారడం అందరికీ కనపడుతుంది.

అది రెండువేల ఏడు, మే నెల. రాయ్‌పూర్‌లో ఇంటింటికీ ఉన్న టెలిఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ ఇవ్వాలని టెలిఫోన్ కంపెనీ సంకల్పించింది. అందుకు ప్రతి ఎక్స్ఛేంజిలోనూ ఒక పెట్టె కావాలి. అవి ఎవరి దగ్గర కొనాలన్నదే పోటీ. అరడజను కంపెనీలు బరిలోకి దిగితే చివరికి రెండు మిగిలాయి. ఒకటి గ్లోరీ పనిచేసే తేజోలింక్, రెండోది సునీల్ పనిచేసే మెరిడాన్. ఊరి శివార్లలోని బీర్‌గావ్, టాటీబంధ్ ఎక్స్ఛేంజిల్లో ఇద్దరి పెట్టెలూ కొన్నాళ్లు నడిపి చూస్తారు. గెలిచినవాళ్లకి రాష్ట్రం మొత్తం. ఓడినవాళ్లు ఆఫీసుకి తాళం వేసుకుని ఇంకో ఊరు చూసుకోవాలి.

టెలిఫోన్ కంపెనీ తరఫున ఆ పరీక్షలకి పెద్ద ప్రియదర్శిని. ఆమె కళ్లజోడు మీదుగా గ్లోరీని చూసింది. "నిజమేనా?"

"చూసి చెప్తాం మేడమ్" అంది గ్లోరీ. అబద్ధం కాదు. నిజమూ కాదు.

పెట్టె వేడెక్కుతున్న మాట అక్షరాలా నిజం. ఉర్లా ఫ్యాక్టరీల నుంచి వచ్చే నల్ల దుమ్ము బీర్‌గావ్‌లో ఆరేసిన బట్టల్నే వదలదు, పెట్టెని వదులుతుందా? ఫ్యాన్ జాలీకి దుమ్ము పట్టేసి గాలి ఆడటం లేదు. అయితే ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. గ్లోరీకి, ఆమె కింద పనిచేసే టెక్నీషియన్ నాగబాబుకి, హైదరాబాద్ నుంచి వచ్చి హోటల్లో మకాం పెట్టిన మేనేజర్ గిరిధర్‌కి.

ప్రియదర్శిని గదిలో గిరిధర్ కూడా ఉన్నాడు. కారెక్కి తలుపు వేసుకున్నాక తెలుగులోకి మారాడు. అది అతను పెట్టిన నియమమే. రహస్యాలు తెలుగులోనే మాట్లాడాలి. చుట్టూ ఉన్నవాళ్లంతా హిందీ, ఛత్తీస్‌గఢీ మనుషులు. సునీల్ ఒక్కడు దగ్గర్లో లేకుండా చూసుకుంటే ఇంక నడిబజారులో నిలబడి అరిచినా ఫరవాలేదని అతని ధీమా.

"ఆ సునీల్ మీకేమవుతాడు?"

"మా అత్తగారికి మేనల్లుడండి. నాకు అన్నయ్య వరస."

"ఒకే చర్చి?"

"అవునండి."

"ఇంకేం మరి" అన్నాడు గిరిధర్, కిటికీలోంచి బయటకి చూస్తూ. "చూడండి గ్లోరీగారూ, లీకు ఎవరిదో పేరు చెప్పమని ఢిల్లీ నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. రెండు వారాల గడువిచ్చారు. మీరొక పేరు చెప్తే ఆ పేరు చెప్తాను. చెప్పలేకపోతే మీ పేరు చెప్తాను. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఈ లైన్లో ఇంకెవరూ మిమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వరు."

ఈ ఉద్యోగం కోసం గ్లోరీ ఎండల్లో ఎక్స్ఛేంజిల చుట్టూ తిరిగింది. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆడమనిషిని చూసి నవ్విన లైన్‌మేన్ల చేత మేడమ్ అనిపించుకుంది. అదంతా ఒక్క ఫోన్‌కాల్‌తో గాలికి పోతుందా?

తాను చెప్పలేదు. గిరిధర్ చెప్పడు. మిగిలింది ఒక్కడు.

ఆ మర్నాడే టాటీబంధ్ చౌరస్తాలో ఆమెకి కావలసింది కనపడింది. లారీల మధ్య ఇరుక్కున్న ఆటోలోంచి చూస్తే, చాయ్ బండి దగ్గర నాగబాబు. అతని భుజం మీద చెయ్యేసి నవ్వుతూ సునీల్.

గ్లోరీ ఆటో దిగి చరచరా వెళ్లేసరికి సునీల్ బండి స్టార్ట్ చేశాడు. "ఏం చెల్లాయ్, ఎండలో వచ్చావ్? మీ పెట్టెలాగ నువ్వూ వేడెక్కిపోతావ్ జాగ్రత్త!" అని చెయ్యూపి వెళ్లిపోయాడు.

"ఏంటి నాగబాబూ, చుట్టరికం కలుపుతున్నావా?"

నాగబాబు చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి రైల్వే గ్యాంగులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊరు వదిలి రెండు తరాలైనా ఆ ఇంటి యాస మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మేడమ్, ఆయనే పిలిచినాడు. మా కంపెనీలోకి వచ్చీ, జీతం జాస్తీ ఇస్తామన్నాడు. నాను నేదనీసినాను."

"బీర్‌గావ్ సంగతి అడిగాడా?"

"అడిగినాడు. నానేటీ సెప్పనేదు. పక్కా! మా అమ్మ సూరమ్మ మీద ఒట్టు."

"నువ్వు చెప్పకపోతే గోడలు చెప్పాయా?"

"ఏటి మేడమ్ అలగంతారు? ఇంత శక్, ఇంత అనుమానం ఎట్టుకుంటే కలిసి పనెలా సేస్తాం?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయో, లారీ లేపిన దుమ్ము పడిందో తెలీలేదు.

గ్లోరీ మెత్తబడలేదు. "రేపటి నుంచి బీర్‌గావ్‌కి రావద్దు. నేను పిలిచినప్పుడు రా" అనేసి ఆటో ఎక్కింది. పేరు దొరికిందన్న తేలిక ఒకపక్క, ఏదో తప్పు చేస్తున్నానన్న గుబులు ఒకపక్క. గిరిధర్‌కి పేరు చెప్పడం ఒక్కరోజు ఆపుదామనుకుంది. ఆపడమే మంచిదైంది.

ఆ సాయంత్రం దేవేంద్ర నగర్‌లోని ఇంటికి చేరాక గిరిధర్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి పెద్ద ఫ్యాన్ తెప్పిస్తున్నాననీ, నిశ్శబ్దంగా మార్చేద్దామనీ అన్నాడు. "నాగబాబుకి కూడా తెలియనివ్వకండి." "అలాగేనండి, పెద్ద ఫ్యాన్ రైల్లోనే వస్తుందా? బీర్‌గావ్‌కి నేనే తీసుకెళ్తాను, ఎవరి కంటా పడదు" అంది గ్లోరీ.

మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నానికల్లా ప్రియదర్శిని ఫోన్. "మీరు పెద్ద ఫ్యాన్ తెప్పిస్తున్నారట. పరీక్ష మధ్యలో సామాను మార్చకూడదని మెరిడాన్ వాళ్లు అభ్యంతరం చెప్తున్నారు. ఏమిటీ దొంగాట?"

నాగబాబుకి ఈ మాట తెలిసే దారే లేదు.

గిరిధర్ హోటల్ గదిలో అటూ ఇటూ తిరిగాడు. "ఈ మాట తెలిసింది నాకూ మీకూ. నేను చెప్పలేదు." అంతే. తరవాత వాక్యం అతను అననక్కర్లేకపోయింది. "మీరు కొన్నాళ్లు సైట్‌కి వెళ్లకండి" అని మాత్రం అన్నాడు.

అలా, చాన్నాళ్ల తరవాత, బుధవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గ్లోరీ ఇంట్లో ఉంది. భర్త ప్రేమ్ గూడ్సు బండి మీద గార్డుగా డ్యూటీకి వెళ్లాడు. ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. బుధవారం ప్రార్థన ఈసారి వాళ్లింట్లోనే. భీమవరం నుంచీ ఏలూరు నుంచీ రైల్వే ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వారానికో ఇంట్లో చేరతాయి. పాటయ్యాక మోషే పాస్టరుగారు అడుగుతారు, ప్రార్థన మనవులున్నవాళ్లు చెప్పండని. ఒకరు మోకాళ్ల నొప్పులంటారు, ఒకరు బదిలీ అంటారు. అందరూ కలిసి ఆ భారం దేవుడి ముందు పెడతారు.

గ్లోరీ గుమ్మం పక్కన ఒదిగి కూర్చుంది. బుర్రలో ఒకటే రొద. ఎవరు? ఎవరు?

అత్తగారు లీలావతి లేచి నిలబడింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ వార్డు చివరిదాకా వినపడుతుంది.

"మా కోడలి కోసం ప్రార్థన చెయ్యండమ్మా. బీర్‌గావ్‌లో దాని డబ్బాకి వేడి తగ్గలేదు. పెద్ద ఫ్యాను రైల్లో వస్తంది. అది క్షేమంగా చేరాలి, ఎవరి కంటా పడకుండా బిగించెయ్యాలి. పిల్ల అన్నం సరిగా తినట్లేదు."

గ్లోరీ చటుక్కున తలెత్తింది.

అంటే, రోజూ వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఈవిడ వింటోంది! మొన్న శుక్రవారం పొద్దున ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనలోనూ ఇదే మనవి చెప్పి ఉంటుంది. ఊరంతటికీ అర్థంకాని భాష అనుకుని, హిందీవాళ్ల ముందు గుసగుసగా మాట్లాడే సంగతుల్ని, ఇంటికొచ్చాక తెలుగులో గట్టిగా మాట్లాడింది తనే. ఇంట్లో తెలుగు రానిదెవరికి?

అందరూ కళ్లు మూసుకున్నారు. పాస్టరుగారు "తండ్రీ, బీర్‌గావ్‌లో ఉన్న ఆ డబ్బాని జ్ఞాపకం చేసుకో" అంటున్నారు. గ్లోరీ కళ్లు తెరిచి మెల్లగా గదంతా చూసింది. వంచిన తలలు, కొంగులు కప్పుకున్న తలలు. వాటి మధ్య ఒక్క జత కళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. సునీల్ భార్య హెలెన్. ఆమె గ్లోరీనే చూస్తోంది. చూపులు కలవగానే గబుక్కున కళ్లు మూసేసుకుంది.

పేరు దొరికింది. ఆ పేరు చెప్తే లీకు తన ఇంట్లోంచేనని తేలి, ఉరి తన మెడకే.

గ్లోరీ ఆ రాత్రి కంటిమీద కునుకు లేకుండా ఆలోచించింది. నాగబాబు పేరు చెప్పేస్తే సరిపోతుంది. ఎవరూ కాదనరు. అతను ఏడుస్తాడు, వెళ్లిపోతాడు. కానీ టాటీబంధ్‌లో అతను అన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. తెల్లారాక హోటల్‌కి వెళ్లి గిరిధర్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది.

అతను ముందు నమ్మలేదు. "ప్రార్థనలోనా? నాకు కథలు చెప్తున్నారా?" తరవాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, రుజువు చెయ్యండి. టాటీబంధ్ పెట్టె కాలిపోయిందని మీ అత్తగారి చెవిన పడేలా నాతో ఫోన్లో మాట్లాడండి. ఏమవుతుందో చూద్దాం. ఆ పెట్టె భేషుగ్గా ఉంది కదా?"

గ్లోరీకి మనసొప్పలేదు. కానీ కత్తి వేలాడుతున్నది తన నెత్తిన. మాట్లాడింది.

శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. శనివారం పొద్దున పది కొట్టేసరికి సునీల్, ప్రియదర్శినిని వెంటబెట్టుకుని టాటీబంధ్ ఎక్స్ఛేంజికి వచ్చాడు. గిరిధర్ గ్లోరీతో ముందే అక్కడున్నాడు, నవ్వుతూ. తలుపు తీశారు. తేజోలింక్ పెట్టె మీద పచ్చదీపాలు నిమ్మళంగా మినుకుమంటున్నాయి.

"కాలిపోయిందన్నారే?" అంది ప్రియదర్శిని.

సునీల్ పెట్టె చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. వాసన కూడా చూశాడు.

"నా ఉదయమంతా పాడుచేశారు" అందావిడ. "ఇంకోసారి ఇలాంటి పుకారు మోసుకొస్తే మిమ్మల్ని పరీక్ష నుంచే తప్పిస్తాను."

బయటకి రాగానే గిరిధర్ గ్లోరీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీ అత్తగారు బంగారం అండీ! ఆవిణ్ని ఆపకండి. బుధవారానికి ఇంకోటి తయారు చేద్దాం. రేటు తగ్గించుకుంటున్నామని వదులుదాం. వాళ్లూ తగ్గించుకుని చస్తారు. మీ పేరు నేను మర్చిపోతాను. మీరు మాత్రం ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ ఉండండి."

ఉద్యోగం దక్కింది. గ్లోరీ గుండెల మీద బరువు దిగినట్టే దిగి, ఇంటికి వెళ్లేసరికి మళ్లీ ఎక్కి కూర్చుంది.

లీలావతి మంచం మీద నీరసంగా పడుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి.

"ఏమైందత్తయ్యా?"

"ఏవీ లేదే. ఉపాసం. శుక్రవారంతో ముగిద్దావనుకున్నా గానీ, డబ్బా కాలిపోయిందంటే మామూలు ప్రార్థన చాలదు కదా. ఇంకోరోజు పొడిగించా. బాగయిందా?"

గ్లోరీ ఆమె చెయ్యి పట్టుకుంది. షుగర్ ఉన్న మనిషి. ఈ ఎండల్లో, ఎప్పుడూ కాలని పెట్టె కోసం మంచినీళ్లు కూడా మానేసి పడుకుంది.

"అది కాలలేదత్తయ్యా" అంది. ఇక ఆగలేదు. ఫోన్లో అబద్ధం, గిరిధర్, హెలెన్, సునీల్, అన్నీ చెప్పేసింది.

లీలావతి లేచి కూర్చుంది.

"అంటే నా నోట దేవుడికి అబద్ధం చెప్పించావా?"

"అత్తయ్యా..."

"నేను చాడీకోరుదాన్నని ముందే చెప్పుంటే నోరు మూసుకునేదాన్ని కదే! వార్డులో ముప్పయ్యేళ్లు పన్జేశా, ఒక్క పేషెంటు సంగతి బయట చెప్పలేదు. దేవుడికి చెప్తే బయట చెప్పినట్టవుతుందని నాకేం తెలుసు?" మంచం మీంచి కాళ్లు దించింది. "మజ్జిగ పట్రా. తాగాలి. బుధవారం ఆ మేనేజరు బాబుని కూడా పిలువు."

"ఎందుకత్తయ్యా?"

"పిలువు."

బుధవారం గిరిధర్ ఉత్సాహంగానే వచ్చాడు. నీలం చొక్కా, చేతిలో ఆపిల్ పళ్లు. చాప మీద కాళ్లు మడుచుకోవడం రాక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. హెలెన్ అవతలి వరసలో ఉంది. ఈసారి సునీల్ కూడా వచ్చాడు. టాటీబంధ్‌లో పరువు పోయాక భార్య మోసుకొచ్చే మాట మీద నమ్మకం పోయి, తన చెవులతో తనే విందామనుకున్నాడు కాబోలు.

అత్తగారు ఏం చేస్తుందో గ్లోరీకి తెలీదు. పొద్దున్నుంచీ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

పాట అయిపోయింది. "ప్రార్థన మనవులు..." అన్నారు పాస్టరుగారు.

"మనవి కాదండి, సాక్ష్యం" అంటూ లీలావతి లేచింది. "మొన్న శుక్రవారం టాటీబంధ్ డబ్బా కాలిపోయిందని చెప్పి మీ అందరి చేతా ప్రార్థన చేయించా. కొందరు ఏడ్చారు కూడా. ఆ డబ్బా కాలలేదు. నాకు అబద్ధం చెప్పారు. చెప్పించిన బాబు అదుగో, గోడ దగ్గర. చుట్టంగా వచ్చాడు, కాఫీ ఇచ్చి పంపిద్దాం."

గదిలోని తలలన్నీ గిరిధర్ వైపు తిరిగాయి. అతను ఆపిల్ పళ్ల సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఆ అబద్ధం ఎందుకు చెప్పాల్సొచ్చిందంటే, ఇక్కడ మనం చెప్పుకున్న కష్టాలు వ్యాపారానికి పోతన్నాయి. ఏరా సునీలూ, ఈ అత్త ఏం ప్రార్థన చేసిందో కావాలంటే నన్నే అడగొచ్చు కదా. పెళ్లాన్ని ఎందుకురా కళ్లు తెరిచి కూర్చోబెడతావ్?"

హెలెన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన రోజూ అడుగుతారమ్మా... చెప్పకపోతే అన్నం తినరు" అంది, ఏడుపు గొంతుతో.

"అత్తా, అందరి ముందూ ఏంటిది?" సునీల్ సగం లేచాడు.

"కూర్చోరా. ఇదే ఆఖరు. ఇకనుంచి మా కోడలి డబ్బాల కోసం ఎవరూ ప్రార్థన చెయ్యొద్దు. వాటిని కంపెనీవాళ్లే బాగుచేసుకుంటారు. మీరంతా నా షుగరు కోసం చెయ్యండి, చాలు."

పాస్టరుగారు "ఆమేన్" అన్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ గిరిధర్ పళ్లు కొరికాడు. "గంగలో కలిపారు కదా! రేపు ఢిల్లీకి నేనేం చెప్పాలి?"

"నా పేరే చెప్పండి" అంది గ్లోరీ. "లీకు మా ఇంట్లోంచే. దాంతోపాటు, తెలిశాక మీరేం చేయించారో కూడా చెప్పండి. అది నన్ను చెప్పమంటే నేను చెప్తాను."

గిరిధర్ ఆమెని ఎగాదిగా చూశాడు. ఈ మనిషి ఇంకా ఏమేం దాచిందోనని వెతుకుతున్నట్టు. తరవాత కారెక్కాడు.

మర్నాడు గ్లోరీ ఎవరినీ అడగలేదు. మొదట నాగబాబు ఇంటికి వెళ్లింది. "నీ మీద అనుమానపడ్డాను. తప్పు నాది. బండి తియ్యి, పనుంది" అంది. అతను కాసేపు బెట్టు చేసి, "సాయ్ తాగెల్దాం మేడమ్" అన్నాడు.

అక్కణ్నుంచి తిన్నగా ప్రియదర్శిని గదికి.

"బీర్‌గావ్‌లో మా పెట్టె వేడెక్కుతోంది మేడమ్. నల్ల దుమ్ము. జాలీ మార్చి, పెద్ద ఫ్యాన్ పెట్టడానికి మీ అనుమతి కావాలి. మార్చాక మధ్యాహ్నం పూటే పరీక్షించండి."

ప్రియదర్శిని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్నాళ్లూ దాచారు. ఇవాళ ఇంత నిజాయితీ దేనికి? దీని వెనక ఎత్తు ఏమిటి?"

"ఏమీ లేదు మేడమ్. దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు."

ఆవిడ నమ్మినట్టు లేదు. అయినా ఆలోచించింది. "దుమ్ము మీ ఒక్క పెట్టెకే పడుతుందా? మెరిడాన్ వాళ్లది అక్కడ ఏసీ గదిలో పెట్టుకున్నారు కదా. దాన్నీ మీ పక్కకి తెప్పిస్తాను. ఇద్దరూ జాలీలు మార్చుకోండి. మధ్యాహ్నం చూద్దాం."

గ్లోరీ బయటకొచ్చి గిరిధర్‌కి ఫోన్ చేసి చెప్పింది.

"మనమే బయటపెట్టేశాక ఇక లీకు ఏముంది?" అన్నాడు చివరికి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "ఢిల్లీకి అదే చెప్తాను, సమస్యని మనమే ముందుగా కస్టమర్ దృష్టికి తెచ్చామని. పేరు అడగరు. అడిగితే అప్పుడు చూద్దాం. మీరు ఫ్యాన్ సంగతి చూడండి."

ఉద్యోగం ఉందన్నమాట. ఉందనే అనుకోవాలి.

పరీక్ష రోజున బీర్‌గావ్‌లో రోడ్డు మీద తారు మెత్తబడింది. ఎక్స్ఛేంజి గదిలో రెండు పెట్టెలూ పక్కపక్కనే. సునీల్ తేజోలింక్ పెట్టె మీద నుంచి కళ్లు తిప్పడం లేదు. గిరిధర్ మెరిడాన్ పెట్టె మీద నుంచి కళ్లు తిప్పడం లేదు. నాగబాబు మాత్రం తలుపుకి ఆనుకుని ఇద్దర్నీ చూసి నవ్వాపుకుంటున్నాడు.

ఒంటిగంట దాటాక మెరిడాన్ పెట్టె మీద ఒక ఎర్రదీపం వెలిగింది. కాసేపటికి ఇంకోటి. సునీల్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తేజోలింక్ పెట్టె మీద ఒక్క పచ్చదీపం కూడా చలించలేదు.

ప్రియదర్శిని లెక్కలు రాసుకుని వెళ్లిపోయింది.

గిరిధర్ గ్లోరీని పక్కకి పిలిచాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నిజం చెప్పండి. మీ అత్తగారు ఇప్పుడేం చేస్తున్నారు?"

"భోంచేసి పడుకునుంటారండి."

"పడుకున్నారా?"

"అవునండి."

గిరిధర్ ఒకసారి పచ్చదీపాల వైపు, ఒకసారి గ్లోరీ వైపు చూశాడు. ఆ జవాబుని అతను నమ్మలేదని మొహమే చెప్తోంది.